పెదనాన్న విమానానికి మూత బిగిసిన రోజు

ఆ రోజుల్లో నాకు కొత్త ఉద్యోగం కంటే పెదనాన్న విమానమే ముఖ్యం. నరసాపురంలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరి నాలుగు నెలలైంది. మధ్యాహ్నం గంట కొట్టగానే స్కూటీ మీద రేవు దగ్గరున్న పాత కొబ్బరికాయల గోడౌనుకి పరిగెత్తేదాన్ని. విమానాల మరమ్మతు పనిచేసి రిటైరైన పెదనాన్న అక్కడ ఇద్దరు పట్టే చిన్న విమానాన్ని సొంతంగా కడుతున్నాడు. ఇక మిగిలింది కానపీ, అంటే పైలట్ నెత్తిమీదుండే అద్దంలాంటి అక్రిలిక్ మూత. చల్లటిపూట కోస్తే పగులుతుందని మే నెల మిట్టమధ్యాహ్నాలే మా పనివేళలు. (మొదటిది జనవరిలో పగిలింది. ఆ రోజు పెదనాన్న అన్నం ముట్టలేదు.) అంగుళం అంగుళం అరగదీసి, రెండోదాన్ని చట్రానికి సరిపెట్టాం.

"అమ్మాయ్, లోపల కూర్చో. తల తగులుతుందేమో చూద్దాం."

కూర్చున్నాను. మూత దిగింది. టక్కుమంది! సందు లేకుండా అతుక్కుంది. పెదనాన్న బయట గంతులేస్తున్నాడు, నేను లోపల చప్పట్లు కొడుతున్నాను. "గాలి కూడా దూరదే!" అని ఆయన అరవడం లీలగా వినిపించింది. అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ, లోపలినుంచి గడియ తీసే పిడి ఇంకా బిగించలేదని. అది ఆయన చొక్కా జేబులో ఉంది. గడియేమో నా వీపు వెనక, చెయ్యి అందని చోట.

రెండు నిమిషాల్లో జడ తడిసిపోయింది. పెదనాన్న సుత్తి ఎత్తాడు. మూత వంక చూశాడు, నా వంక చూశాడు. "కళ్ళు మూసుకో తల్లీ!" అన్నాడు. నేనేమో "వద్దు, పగలగొట్టొద్దు!" అని లోపలినుంచి చేతులూపుతున్నాను. (ఊపిరాడకపోయినా, దాన్ని నెలంతా అరగదీసింది నేనేగా!)

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. "ఏవండీ, పిల్లని ఆవకాయలా జాడీలో పెట్టి ఎండబెడుతున్నారేంటండీ?" అంటూనే చుట్టూ తిరిగి వెనక మూలలో వేలితో తడిమింది. అక్కడ సన్నటి సందు. నడుముకి దోపుకున్న సంచిలోంచి లేసు అల్లే కొక్కెం సూది తీసి అందులో దూర్చి, గడియ చిల్లుకి తగిలించి లాగింది. మూత లేచింది.

"గాలి దూరదన్నారు, నా సూది దూరిందండి," అంది.

పెదనాన్న నన్ను వాటేసుకుని ఏడ్చేశాడు. నేను చెంబెడు మజ్జిగా తాగి, "పిడి బిగించండి పెదనాన్నా, మళ్ళీ కూర్చుంటా," అన్నాను. పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. అయినా కూర్చున్నాను, మూడుసార్లు.

ఆ విమానం తరువాతి చలికాలంలో ఎగిరింది. ఆ రోజు నాకు పరీక్షల డ్యూటీ, సెలవు అడగడానికి మొహమాటపడ్డాను. ఇప్పుడు లిఫ్టు ఎక్కాలన్నా ముందు ఫ్యానుందా అని చూసే మనిషినయ్యాను. చెమటలో తడిసిపోయి, "మళ్ళీ కూర్చుంటా" అన్న ఆ పిల్ల ఎదురైతే నా జాగ్రత్తలు చూసి నవ్వుతుందేమో. నవ్వనీ, దాని పక్క సీటు మాత్రం నాకే కావాలి.