ఏడేళ్ళ వెల్లుల్లి

షిరాజ్ బజారులో ఊరగాయలమ్మే సఫర్‌ఖులీ రాజులను వెల్లుల్లితో కొలిచేవాడు. ద్రాక్షరసం పులియబెట్టిన సిర్కాలో వేసిన వెల్లుల్లి నల్లబడి తీపెక్కాలంటే ఏడేళ్ళు పడుతుంది. చాలా ఏళ్ళుగా ఏ రాజూ అన్నాళ్ళు నిలవలేదు. అందుకే వారంలో తినేసే ముల్లంగి ముక్కలే పెట్టేవాడు. జంద్ వంశపు రాజు వచ్చాక ఊరు సద్దుమణిగింది. సాయంత్రమైతే జనం కోట గుమ్మం బయట కూడా తివాచీలు పరుచుకుని పాడుకునేవారు. ఎంత చల్లటి రోజులవి! అప్పుడు సఫర్‌ఖులీ చాలాసేపు గడ్డం గోక్కుని, ఒక జాడీ నిండా వెల్లుల్లి వేసి మూతికి మట్టి మెత్తాడు. రోజూ పసిపిల్ల వీపు నిమిరినట్టు దాన్ని నిమిరిగానీ కొట్టు తెరిచేవాడు కాదు.

నాలుగో ఏడు ఒక మధ్యాహ్నం ఊరి బయట గుర్రాల దుమ్ము లేచింది. "అయిపోయింది, ఈ రాజూ పోయాడు" అంటూ జాడీ పగలగొట్టాడు. శత్రు సైనికుల పాలు కాకూడదని వీధివీధినీ పిలిచి పంచేశాడు. సగమే ఊరిన ఆ ఘాటుకి అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకుని నములుతుండగా గుర్రాలు రానే వచ్చాయి. వాళ్ళు వేట ముగించుకొస్తున్న రాజుగారి మనుషులే.

"రాజు బాగానే ఉన్నాడు. కూలింది నీ జాడీయేనయ్యా" అంది భార్య గులందామ్, నవ్వాపుకుంటూ.

మర్నాడతను కొత్త జాడీ ముందేసుకుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

"డెబ్భై దాటాయి నీకు. ఇది ఊరేదాకా ఉంటావా?" అంది గులందామ్.

"నేనుండను. రాజుంటాడు. నా వాటా వీధివాళ్ళకి పెట్టు, నిన్న పచ్చిది తిన్నారు పాపం."