ఎస్తేరక్క బొట్టు

ఏళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మాది గోదావరి ఒడ్డున బొగ్గుగనుల కాలనీ. మా చర్చిలో ఎస్తేరక్క పాటలు ఎత్తుకునేది. నేను పెళ్లై కొత్తగా వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి. ఆమె యేసును నమ్ముకుంది గానీ, ఆమె తల్లి నమ్ముకోలేదు.

ఆ తల్లికి జబ్బు చేస్తే కరీంనగర్‌లో ఓ ఆసుపత్రిలో చేర్చారు. చూసి వద్దామని పండ్లు పట్టుకుని బస్సెక్కాను. వార్డు గుమ్మంలోనే ఆగిపోయాను. ఎస్తేరక్క తల్లికి అన్నం తినిపిస్తోంది. నుదుట ఎర్రగా పెద్ద బొట్టు. ఆమె నన్ను చూడలేదు. నేను పండ్లతోనే తిరిగి వచ్చేశాను.

ఎందుకు లోపలికి వెళ్లలేదు? ఇదేమిటక్కా అని అడిగితే సరిపోయేది కదా. అడగడానికి మొహమాటపడ్డానా, అడిగితే ఆమె దగ్గర సరైన జవాబు ఉంటుందని భయపడ్డానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థనలో నేను లేచి, విశ్వాసంలో జారిపోతున్న ఒక సహోదరి కోసం ప్రార్థించమన్నాను. పేరు చెప్పలేదు. కన్నీళ్లు వచ్చాయి, అవి నిజమైనవే అనుకుంటాను. అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే పాస్టరమ్మ పక్కకు పిలిచి ఎవరని అడిగింది. చెప్పాను. నేను చెప్పానని మాత్రం బయటికి రానివ్వొద్దన్నాను.

ఎస్తేరక్కను ఇక పాటలు ఎత్తవద్దన్నారు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు దూరంగా ఉంచారు. కొన్నాళ్లకే ఆమె తల్లి పోయింది. చర్చి నుంచి ఎవరూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు.

తర్వాత ఓ సాయంత్రం ఆమె మా క్వార్టర్‌కు వచ్చింది. మంచినీళ్లు ఇస్తే ముట్టలేదు.

"చెల్లె, గీ ముచ్చట ఎవరు జెప్పిన్రో నీకు తెలుసా?"

"నాకు తెల్వదక్కా."

"మా అవ్వకు మతి పోయింది. బొట్టు లేకుంటే నన్ను గుర్తువడ్తలేకుండె. ఎవరో పరాయి మనిషని బువ్వ ముడ్తలేకుండె. పెట్టుకుంటే బిడ్డా అని తింటుండె. గది తప్పే అనుకో. తప్పని నా మొఖం మీద అంటే నేను పడుతుంటి. ఒక్కలన్న నన్ను అడుగలే."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని కూడా చెప్పలేదు. ఆ ఆసుపత్రిలో పనిచేసే మా చర్చి నర్సమ్మే చెప్పి ఉంటుందని ఆమె అనుమానం. నేను కాదనలేదు. ఆ ఇద్దరికీ ఈనాటికీ మాటల్లేవు.

నాకు అర్థం కానిది ఒకటుంది. విశ్వాసికి బొట్టు తగదని ఇవాళ్టికీ నా మనసు అంటుంది. ఆ నమ్మకం వదులుకోవాలా? నమ్మడం వేరు, తీర్పు తీర్చడం వేరు అని ప్రసంగాల్లో వింటాను, తల ఊపుతాను. కానీ ఆ గుమ్మంలో నిలబడిన నాలో ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలైందో ఎంత వెతికినా దొరకదు. ఆమె మీద ప్రేమతోనే ఏడ్చానా? ఆమె తప్పుకుంటే పాట ఎత్తేది నేనేనని లోపల ఎక్కడో తెలుసా?

ఇప్పుడు పాటలు ఎత్తేది నేనే.

ఎస్తేరక్క ఇంకా వస్తుంది, వెనక వరుసలో కూర్చుంటుంది. నన్ను చెల్లె అనే పిలుస్తుంది. ఆమెకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. మీకైతే చెబుతున్నాను. చెప్పింది నర్సమ్మ కాదు. నేను.