మెట్ల దగ్గర లైటు

నాన్న కట్టిన రెండంతస్తుల బిల్డింగు మా నలుగురి పేర్ల మీదా ఉమ్మడిగా ఉండేది. కింద షాపులు, పైన వాటాలు. మెట్ల పక్క వాటాలో మా పెద్దక్క ఒక్కతే ఉండేది. జీవితమంతా టైపింగు నేర్పింది. మిషన్ల చప్పుడు మీద అరిచీ అరిచీ ఆవిడ గొంతు అలాగే ఉండిపోయింది. ఫోన్ చెవికి ఆనించకుండానే వినబడేది.

నెలకోసారి ఆదివారం అందరం ఆవిడ ముందుగదిలో చేరి పోట్లాడుకునేవాళ్లం. మోటారు ఎవరు బాగుచేయించాలి, గోడలకు ఏ రంగు వేయించాలి. అన్నయ్య ఒకటంటే చిన్నక్క పది అనేది. నేను గాలి ఎటు వీస్తే అటు. పెద్దక్క టీ తెచ్చి, "కప్పులు పగలకుండా కొట్టుకోండి" అనేది. వెళ్లేటప్పుడు చిన్నక్క సంచీ అన్నయ్యే మోసేవాడు. ఆ ఆదివారాలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

చివరికి విసిగిపోయి బిల్డింగుకు ఒక మేనేజరును పెట్టుకున్నాం. అక్కడే ఉంటుంది కదా అని, అతని మీద అజమాయిషీ పెద్దక్కకు అప్పగించాం. అతను మహా పనిమంతుడు. మేం అడగకముందే మోటారు బాగుపడింది, గోడలకు రంగు పడింది. పోట్లాటకు ఏమీ మిగలక ఎవరిళ్లలో వాళ్లం ఉండిపోయాం.

కొన్నాళ్లకు పెద్దక్క ఫోన్ చేసింది. "మెట్ల దగ్గర లైటు సరిగ్గా వెలగట్లేదు. అందరూ వచ్చి చూడండి."

వెళ్తే లైటు శుభ్రంగా వెలుగుతోంది. తర్వాత గేటు కిర్రుమంటోందంది. ఆపైన డాబా కారుతోందంది. అందరం డాబా ఎక్కి తడి కోసం వెతికాం. పాపం మేనేజరు మోకాళ్ల మీద కూర్చుని మరీ వెతికాడు.

"ఎక్కడ కారుతోందక్కా? అతన్ని ఊరికే ఎందుకు ఇబ్బంది పెడతావు?" అని అన్నయ్య విసుక్కున్నాడు.

"వంక పెడదామంటే ఏమీ దొరకట్లేదురా" అంది పెద్దక్క. ఆ గొంతు అంత మెల్లగా వినడం నాకదే మొదలు. "ఏదీ పాడవకపోతే మీరెందుకొస్తారు?"

చిన్నక్క కిందికెళ్లి టీ పెట్టింది. ఆ తర్వాత ప్రతి నెలా పెద్దక్క ఏదో ఒకటి పాడైందని పిలిచేది, మేం వెళ్లేవాళ్లం. ఏం పాడైందో ఎవరూ చూడలేదు.

పెద్దక్క పోయాక అజమాయిషీ నా మీద పడింది. మళ్లీ మా ఆదివారం వచ్చింది. ఆవిడ వాటా తాళం తీసి, మెట్ల దగ్గర నిలబడి అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఇక్కడ లైటు సరిగ్గా వెలగట్లేదన్నయ్యా."

"చిన్నక్కను కూడా తీసుకొస్తా. టీ పెట్టు" అన్నాడు.

పక్కనే ఉన్న మేనేజరు వెలుగుతున్న బల్బును చూశాడు, నన్ను చూశాడు. ఏమీ అడగకుండా వెళ్లి స్విచ్చి ఆపేశాడు.