మ్యాపులో నీలి రంగైన మా ఊరు

ఈ ఎడారి దేశంలో నేను పనిచేసే రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో మా ఇంజనీరుది వేల్స్ దేశం. నిన్న చాయ్ తాగుతూ ఫోన్ మ్యాపులో తన పల్లెను చూపించాడు. కొండ, వాగు, రాతి చర్చి, పక్కనే తాతముత్తాతల సమాధులు.

"ఇప్పుడు మీ ఊరు చూపించు" అన్నాడు.

వెతికితే అంతా నీలి రంగే. "డ్యాం నీళ్ల కిందుంది సార్" అన్నాను.

మా ఊళ్లో నా ఈడు వాళ్లారా, గుర్తుందా? పోచమ్మ గుట్ట దిగితే ఎర్రచెలక, అది దాటితే వాగు. తడి ఇసుకలో చెలిమె తోడి దోసిళ్లతో తాగేవాళ్లం. ఆ నీళ్లకు తుంగగడ్డి వాసన. ఆ వాగు కోసమే మన ముత్తాతలు మందలతో వచ్చి అక్కడ ఆగిపోయారట. ఆ ఒడ్డునే మా బాపును పూడ్చారు.

ఊరు ఖాళీ చేసిననాడు సామానంతా ట్రాక్టరెక్కినా అమ్మ ఆ మట్టి దగ్గర నుంచి లేవలేదు.

"ఇల్లయితే మల్ల కట్టుకుంటం బిడ్డా, మీ బాపునెట్ల తీస్కపోతం?" అంది.