నాయనమ్మ పలకని ఊరి పేరు

పామర్రు సెంటర్లో బస్సెక్కి కూర్చున్నానో లేదో చిన్నాన్న ఫోన్ చేశాడు. "అమ్మ వెళ్ళిపోయిందమ్మా. ఇక తొందరేం లేదు, నిదానంగా రా" అన్నాడు. నాయనమ్మకు బాగాలేదంటే చూడ్డానికే గుడివాడ నుంచి బయల్దేరాను. ఫోన్ పక్కన పెట్టేసరికి కండక్టరు ఎక్కడికని అడుగుతూ నిలబడి ఉన్నాడు. ఊరి పేరు చెప్పి టికెట్టు తీసుకున్నాను. ఒక్క మాట. కాపురానికొచ్చిన రోజు నుంచి నాయనమ్మ ఆ ఒక్క మాట నోటితో అనలేదు. అది గుర్తొచ్చాక అప్పుడు ఏడుపొచ్చింది.

ఎందుకనలేదో చెబుతాను. మా ఊరికి ఒకప్పుడు పేరే లేదు. అవనిగడ్డ వెళ్ళే దారిలో కాలవగట్టున నాలుగు పాకలుండేవి. మా ముత్తాత, అంటే నాయనమ్మకు మామగారు, అక్కడ మా ఇంటి ముందు గదిలోనే చిన్న ఆసుపత్రి తెరిచారు. రోగులు పడవల మీద, ఎడ్లబళ్ళ మీద వచ్చేవారు. వాళ్ళ కోసం ఒక కాఫీ హోటలు, తర్వాత మందుల షాపు, ఆ తర్వాత ఆసుపత్రి ఎదురుగానే బస్సు స్టాపు వచ్చాయి. జనం ఆయన పేరుకు చివర 'పేట' తగిలించి పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడది చిన్న టౌను. మామగారి పేరు కోడలు పలకకూడదని పాత ఇళ్ళలో ఒక ఆచారం. అలా మా నాయనమ్మ తన ఊరి పేరు తానే చెప్పుకోలేని మనిషయింది.

దాంతో ఆవిడ పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. పామర్రు వైపు నుంచి ఎప్పుడొచ్చినా అవనిగడ్డకి టికెట్టు తీసుకుని ముందే దిగిపోయేది. పాత కండక్టర్లకు సంగతి తెలుసు. "మామగారి ఊరేనాండీ?" అని వాళ్ళే నవ్వుతూ టికెట్టు కొట్టేవాళ్ళు. మా అన్నయ్యకు ముత్తాత పేరే పెట్టారు. ఉయ్యాల్లో పిల్లాణ్ణి కూడా ఆవిడ "పెద్దాయన" అనే పిలిచింది. ఇప్పుడు వాడికి బ్యాంకులో ఉద్యోగం, ముందుకొచ్చిన పొట్ట. ఇంటిల్లిపాదీ వాణ్ణి పెద్దాయన అనే పిలుస్తాం.

అలాంటి మనిషికి మా వంశమంతా కంఠతా వచ్చు. పెళ్ళి సంబంధం వచ్చిందంటే బందరు నుంచి, పెదపారుపూడి నుంచి ముందు ఈవిడకే ఫోను వచ్చేది. వీధి అరుగు మీద చేటలో బియ్యం ఏరుతూ, ఎవరికి ఎవరు ఏమవుతారో వేళ్ళ మీద చెప్పేది. ఆవిడ లెక్కలో మనుషులకు జబ్బులే ఇంటిపేర్లు. "పాము కరిచి బతికినాయన చెల్లెలు", "కవలల కాన్పు వాళ్ళ పెదనాన్న" అని వరస కలిపేది. మామగారు ప్రాణం పోసిన పరాయివాళ్ళను కూడా వంశంలో కలిపేసేది. వాళ్ళు మన వాళ్ళెలా అవుతారని నేను వాదిస్తే, "మంచం పక్కన ఎవరు కూర్చున్నారో వాళ్ళే చుట్టాలే" అనేది.

ఆ మాట ఊరికే అన్నది కాదు. కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే ఆవిడకు టైఫాయిడ్ వచ్చింది. మామగారు కుర్చీ తెచ్చుకుని కోడలి మంచం పక్కనే కూర్చున్నారట. రోగుల్ని ఆ గది గుమ్మం దగ్గరికే రమ్మని చూశారట. కన్నతండ్రి కూడా తనకంత చేయలేదని నాయనమ్మ చెప్పేది. చెబుతూ ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేది.

పోయినేడాది కళ్ళు తిరిగి పడిపోతే బందరులో ఆసుపత్రిలో చేర్పించాం. జ్ఞాపకశక్తి ఎలా ఉందో చూద్దామని అక్కడి కుర్ర డాక్టరు మీదే ఊరు మామ్మగారూ అని అడిగాడు. "పామర్రు మీదుగా వస్తే కాలవ వంతెన దాటాకండీ" అంది. పేరు చెప్పమన్నాడు. నోరు విప్పలేదు. మీ మామగారి పేరేంటని అడిగాడు. అదీ చెప్పలేదు. ఆయన నా వైపు జాలిగా చూసి, మతిమరుపు మొదలైనట్టుంది, మాత్రలు రాస్తానన్నాడు. నాకు నవ్వాలో భయపడాలో తెలియలేదు. ఈలోగా నాయనమ్మ ఆయన అమ్మగారిది ఏ ఊరని ఆరా తీసింది. గుడివాడ అనేసరికి మూడు తరాలు తవ్వి, వాళ్ళ తాతయ్యకు విరిగిన చెయ్యి కట్టింది మా మామగారేనని తేల్చింది. డాక్టరు అక్కడికక్కడే వాళ్ళమ్మకు ఫోను చేశాడు. నిజమేనట. మాత్రలు రాయడం మానుకుని ఆవిడ కాళ్ళకు దండం పెట్టాడు.

ఆ భయంతోనే నేను వంశమంతా ఆవిడ గొంతుతో రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఆవిడ పోతే అన్నీ ఆవిడతోనే పోతాయి. ఆదివారాలు వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం కూర్చుందామంటే ఒప్పుకునేది కాదు. సాయంత్రం బస్సు వేళకే, అదీ వీధి అరుగు మీదే కూర్చోవాలనేది. ఆ రొదలో సరిగ్గా వినపడదని విసుక్కునేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక, ఎవరూ లేరు కదా, ఒక్కసారి ఆ పేరు నీ నోటితో అనవూ అని బతిమాలాను. వంశం చెబుతూ అందులో అసలైన పేరే లేకపోతే ఎలా?

"ఊళ్ళో అందరూ అంటూనే ఉన్నారు కదే. బస్సులవాళ్ళు అరుస్తారు, గుడ్డసంచుల మీద అచ్చేస్తారు. ఒక్క నోట్లోనైనా నలక్కుండా ఉండనీ" అంది.

అందుకే ఆ పేరు నేనూ ఇక్కడ రాయలేదు.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్ళాక, అదే అరుగు మీద కూర్చుని ఫోన్లో ఆవిడ గొంతు విన్నాను. కాశీ వెళ్ళొచ్చిన తాత, ఆయన కొడుకులు, వాళ్ళ పిల్లలు, పైనుంచి ఒక్కొక్కరే దిగొస్తున్నారు. మామగారి దగ్గరికొచ్చేసరికి నాయనమ్మ ఆగిపోయింది. ఆయాసమేమో అనుకున్నాను. చేటలో బియ్యం కదులుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది. కాసేపటికి దూరంగా బస్సు హారను, ఆ తర్వాత ఎదురుగానే బ్రేకు. కండక్టరు గొంతెత్తి మా ఊరి పేరు అరిచి, దిగేవాళ్ళు రావాలన్నాడు.

"ఆఁ, ఆయనే. ఆయనకి నలుగురు పిల్లలు" అంటూ నాయనమ్మ మళ్ళీ అందుకుంది.