చేతులు కాచుకునే పంపు

వదులు ప్యాకెట్ ఒక్కటి బయటపడితే చాలు, గోడమీది బోర్డులో "చేతి తప్పు" అన్నచోట ఒక గీత పడేది. లోపల గాలి ఎందుకు మిగిలిందని యంత్రాన్ని విప్పి చూసినవాళ్లు లేరు. తప్పు ఎప్పుడూ చేతులదే, ఆ చేతులు ఎప్పుడూ ఆడవాళ్లవే. గీతలు పెరిగాయని టీ విరామంలో సగం కోసేశారు. చేపముక్కల్ని కవర్లలో పెట్టి, గాలి తీసి మూసే ఆ లైన్లో అత్త ఏళ్ల తరబడి ఆ నిందను నోరెత్తకుండా మోసింది.

ఆమెను సొంతపేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. పక్కనే నిలబడి కవర్లు పేర్చే మేనకోడలు పొద్దస్తమానం "అత్తా, అత్తా" అంటుంటే, విని విని లైనంతటికీ ఆమె అత్తయిపోయింది. మేనేజరు కూడా ఒకసారి అందరిముందూ "అత్తా" అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఐసు మీంచి తీసిన ముక్కల్ని కడిగి, తడి తడిగానే కవర్లలో వేస్తారు. మేనకోడలు ఆ కవర్లను యంత్రం గుంటలో వరసగా పేర్చి మూత దించుతుంది. కింద వాక్యూమ్ పంపు గాలి లాగేస్తుంది, కవరు మూతి వేడికి అతుక్కుంటుంది, మూత లేస్తుంది. అత్త ప్రతి ప్యాకెట్‌నీ బొటనవేలితో నొక్కి చూస్తుంది. బిగువుగా ఉంటే ముందుకు, జారితే పక్కకు.

కొత్తలో ఆమె ఆ మూత దగ్గర కళ్లప్పగించి నిలబడిపోయేది. అప్పటిదాకా బుడగలా ఉన్న కవరు కళ్లముందే చేపకు చర్మంలా అంటుకుపోతుంది. ఎవరూ ముట్టుకోలేదు, ఏదీ మీద పడలేదు. "పంపు అంత గట్టిగా ఎట్లా నొక్కుతుంది అన్నయ్యా?" అని మెకానిక్‌ను అడిగింది. చేతిలో పానా లేకుండా ఎవరికీ కనబడడు గనక లైన్లో అతన్ని పానా బాబాయ్ అంటారు.

"పంపు నొక్కదు చెల్లెమ్మా. లోపలున్న గాలి లాగేస్తుందంతే. నొక్కేది బయటున్న గాలి. మన నెత్తిన ఎప్పుడూ ఉండేదే, మనకే తెలీదు."

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆమె భుజాలు తడుముకుంది. ఇంత బరువు మోస్తూ జనం నవ్వుతున్నారు, బేరాలాడుతున్నారు, పిల్లల్ని చంకనెత్తుకుని బస్సెక్కుతున్నారు! ఆ ఆశ్చర్యం ఆమెకు ఎన్నేళ్లయినా పాతబడలేదు.

అలాంటి పంపు ఈమధ్య డీలా పడింది. ప్యాకెట్లు బిగియడం లేదు. పానా బాబాయ్ పంపులో ఆయిల్ మార్చాడు. తేనెరంగు ఆయిల్ కొద్దిరోజులకే పాలలా తెల్లబడింది. మళ్లీ మార్చాడు, మళ్లీ అదే వరస. ఆయిల్ అమ్మినవాణ్ణి ఏడు తరాలూ ఎత్తి తిట్టాడు. చివరికి గాలి లాగే సమయం పెంచాడు. ప్యాకెట్లు కాస్త బిగిశాయి గానీ, మూత లేచేదాకా అందరూ గుడ్లు మిటకరించి చూడాల్సి వచ్చేది. లైను నత్తనడక పట్టింది. అప్పుడు మేనేజరు కొత్త కారణం కనిపెట్టాడు: చేతులు చురుగ్గా లేవు.

విరామం ముగిసే వేళకు వచ్చి మేనకోడలి ముందు నిలబడ్డాడు. "కవరు మూతి ముడత లేకుండా పరచడం ఇన్నాళ్లయినా రాలేదు నీకు. రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. భర్త కాలు విరిగి మంచంలో ఉన్నాడు. ఇల్లు గడిచేది ఆమె చేతిమీదే.

తనమీద పడ్డ మాటలైతే అత్త మింగేసేది. ఇవి మింగుడుపడలేదు. "సార్, ఆ పిల్ల తప్పేం లేదు. పంపు వేడెక్కట్లేదు."

"పంపు సంగతి నీకేం తెలుసు?"

"చేతులు కాచుకుంటాం సార్, దాని దగ్గర."

పంపు దరిదాపులకు వెళ్తే పనిలోంచి తీసేస్తానని అతను హెచ్చరించి ఉన్నాడు.

"వెళ్లొద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు. అయినా వెళ్లాం. ఐసులో నానిన వేళ్లు సార్, మా మాటే వినవు. ఇదివరకు విరామంలో కూడా పంపు తిరిగేది. పైన చేతులు చాపితే ప్రాణం లేచొచ్చేది. మీరు ఆపించడం మొదలెట్టాక అది గోరువెచ్చగా కూడా ఉండట్లేదు. ప్యాకెట్లు వదులైందీ అప్పట్నుంచే."

"అత్తా, నా కోసం నువ్వు కూడా మునుగుతున్నావే!" అని మేనకోడలు కొంగు లాగింది.

పానా బాబాయ్ మాత్రం చేతిలో పానాను కింద పెట్టేశాడు. అది ఎవరూ ఎన్నడూ చూడని వింత. "వేడెక్కట్లేదా? నా బుర్ర తగలెయ్యా! చేప తడి ఆవిరై పంపులోకొస్తుంది సార్. పంపు కాగి ఉంటే అట్నుంచి అటే బయటికి పోతుంది. చల్లగా ఉంటే ఆయిల్లోనే నీళ్లై కూర్చుంటుంది. ఇంక అదేం లాగుతుంది, దగ్గుతో ఉన్నవాడు సిగరెట్టు లాగినట్టు! నేను ఆపిన పంపునే ముట్టుకున్నాను గానీ తిరిగే పంపు ఎంత వేడుందో చూడనేలేదు."

మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. "కరెంటు కలిసొస్తుందని ఆపించాను" అన్నాడు, కాస్త తగ్గి. మళ్లీ గొంతు పెంచాడు. "సరే, రేపు పొద్దున చూద్దాం. కుదరకపోతే మీ ఇద్దరూ ఇంటికే."

"అలాగే సార్" అంది అత్త.

మర్నాడు కొత్త ఆయిల్ పోసి, ఒక్క కవరూ పెట్టకుండా, పంపు కాగేదాకా చాలాసేపు ఖాళీగా తిప్పారు. అత్త వెళ్లి, అందరూ చూస్తుండగానే, దానిమీద చేతులు చాపింది. సెగ తగిలింది. పానా బాబాయ్ గాలి లాగే సమయాన్ని పాత కొలతకు తగ్గించాడు. మేనకోడలు కవర్లు పేర్చి మూత దించింది.

మూత లేచింది. కవర్లు చేపముక్కలను ఎంతలా హత్తుకున్నాయంటే, చర్మంమీది సన్నగీతలు కూడా పైకి తేలాయి. అత్త బొటనవేలితో నొక్కింది, ప్యాకెట్ రాయిలా ఉంది. రెండోదీ అంతే. వదులు ప్యాకెట్లు వేసే తొట్టి ఖాళీగా పడి ఉంది. విరామంలో కూడా పంపును ఆపలేదు. ఆ తరవాత లైను ఎంత జోరందుకుందంటే, "ఇంత స్పీడైతే నన్ను కూడా కవర్లో పెట్టి మూసేస్తారు!" అని మేనకోడలు గోల పెట్టింది. చాలాకాలానికి అక్కడ అందరూ నవ్వారు.

సాయంత్రం మేనేజరు "రేపు టైముకి రా" అన్నాడు మేనకోడలితో. అంతే. క్షమించమన్న మాట లేదు. కోసిన విరామం తిరిగి రాలేదు.

గాలి బరువుకు ఆశ్చర్యపోయిన ఆ మనిషిని తలుచుకుంటే ఆశ్చర్యపోవడం మన వంతు. పని పోతుందని తెలిసీ, చేసిన తప్పును తానే ఒప్పుకుని, మరొకరి అన్నాన్ని కాపాడింది. అయితే ఆమె ధైర్యాన్ని మెచ్చుకుని ఊరుకుంటే మనకు సిగ్గుచేటు. చేతులు కాచుకోవడానికి ధైర్యం కావాల్సిన పరిస్థితి ఎందుకుండాలి?

మీ మాట చెల్లే చోటు ఏదైనా ఉంటే, అది ఫ్యాక్టరీ కావచ్చు, తనిఖీ ఉద్యోగం కావచ్చు, కార్మిక సంఘం కావచ్చు, రేపే వెళ్లి అడగండి. ఉత్పత్తి తగ్గినప్పుడు మనిషిని తీసేసే ముందు యంత్రాన్ని విప్పించమనండి. ఐసులో పనిచేసే చేతులకు వెచ్చని గది ఒకటి, దాంట్లో కూర్చునేంత విరామం ఇప్పించండి. అక్కడ పనిచేసేవాళ్లు మీరే అయితే, పక్కమనిషి నోరు తెరిచినప్పుడు కొంగు లాగకండి. పక్కన నిలబడండి.