దోమల మందు బండి

నాచారంలో మా గల్లీవాళ్లు నన్ను ఇప్పటికీ పేరు పెట్టి పిలవరు. "ఫాగింగన్న" అంటారు. ఆ బిరుదు నాకెలా వచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, మొహమాటపడకండి. ఇందులో ఒక ఇంజినుకు ప్రాణం మీదికొస్తుంది, ఒక ఉద్యోగం చేజారబోతుంది. నా పరువంటారా, అది మొదట్లోనే పోతుంది. దానికోసం చివరిదాకా ఎదురుచూడకండి.

నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాణ్ని. నాదొక పాత వంద సీసీ బండి. ఒక్కణ్ని ఎక్కితే హుషారుగానే పోయేది. నా భార్య సరిత కూడా ఎక్కిందంటే మాత్రం, మౌలాలి రైల్వే బ్రిడ్జి మీద ఉబ్బసం ఉన్న తాతయ్య మెట్లెక్కినట్టు ఆగి, దగ్గి, మళ్లీ కదిలేది.

ఒక ఆదివారం అదే బ్రిడ్జి మీద కూరగాయల గంపలు కట్టిన మోపెడ్ ఒకటి మమ్మల్ని దాటేసింది. నడుపుతున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి ఎంతో జాలిగా, "ఏం బిడ్డా, పెట్రోలైపోయిందా?" అని అడిగాడు. అద్దంలో సరిత భుజాలు అదరడం కనిపించింది. చలికాలం కాదది.

ఆ రాత్రి నుంచే వీడియోలు చూడటం మొదలుపెట్టాను. పిస్టన్ ఆడే గొట్టాన్ని, అంటే పాత బోరును తీసేసి పెద్ద బోరు, పెద్ద పిస్టన్ వేస్తే బండికి ఏనుగు బలం వస్తుందట. వీడియోలో కుర్రాడు పదకొండు నిమిషాల్లో వేసేశాడు. మధ్యలో నవ్వుతూ నీళ్లు కూడా తాగాడు. రెండు వారాల్లో కిట్టు తెప్పించి, డబ్బా చంకలో పెట్టుకుని మా గల్లీ మొదట్లో ఉన్న మెకానిక్ యాదగిరన్నకు గొప్పగా చూపించాను.

"నేనేస్త తమ్మీ. ఒక్క పూట పని. నువ్వు పక్కన కూసొని సూడు" అన్నాడాయన.

"వద్దన్నా. నేనే నేర్చుకుంట."

"నేర్చుకుంటే మంచిదే. ఇప్పేటప్పుడు ఏది యాడున్నదో ఫోన్ల ఫోటో తీస్కో. అనుమానమొస్తె నా తాన్కి రా."

అనుమానం రావాలన్నా కొంత తెలిసుండాలి కదండీ! నాకేమీ తెలియదు కాబట్టి ఒక్క అనుమానమూ రాలేదు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడంటారు. అదే అల్పుడికి పానల సెట్టు దొరికితే పట్టపగలే ఇంజిను విప్పేస్తాడు.

రెండు రోజులు సెలవు పెట్టి, మెట్ల కింద పాత దుప్పటి పరిచి, పని మొదలుపెట్టాను. మా ఇంటి ఓనరమ్మది కాకినాడ. పాలు తెచ్చుకోవడానికి వెళ్తూ ఆగింది.

"ఏంటండీ శ్రీకాంత్ గారూ, బండికి పోస్టుమార్టమా?"

"ఆపరేషన్ ఆంటీ."

"మరి పేషెంటు తాలూకు వాళ్లకి చెప్పారా?"

పేషెంటు తాలూకు మనిషి అప్పుడే టీ పట్టుకుని మెట్లు దిగింది. సరిత కళ్లు నేరుగా కొత్త పిస్టన్‌కు ఎక్కించాల్సిన రింగుల కవరు మీద పడ్డాయి. అందులోంచి సన్నగా వంకర్లు తిరిగిన తీగ ఒకటి తీసి చూసింది.

"గిదేంది, సకినం లెక్క మెలికలు తిరిగున్నది?"

"అది ప్యాకింగ్. రింగులు ఒకదానికొకటి తాకకుండ పెడ్తరు. పారెయ్యి."

"పక్కానా? యాదగిరన్నను ఓసారి అడగరాదు?"

"నేను స్టోర్స్‌ల పనిజేస్త. ప్యాకింగ్ గురించి నాకే జెప్తవా?"

ఆమె భుజాలెగరేసి దాన్ని చెత్తబుట్టలో పడేసింది. కార్పొరేషన్ చెత్త ఆటో ఆ రోజే ఎన్నడూ లేనంత టైముకు వచ్చింది.

సాయంత్రానికి బండిని మళ్లీ బిగించేశాను. తొమ్మిదో కిక్కుకు స్టార్టయింది. శబ్దం గంభీరంగా ఉంది. సైలెన్సర్‌లోంచి కాస్త పొగ వచ్చింది కానీ, కొత్త ఇంజిను కదా, అలవాటు పడుతోంది అనుకుని ఆపేశాను.

మర్నాడు సరితకు ఘట్‌కేసర్ దగ్గర ఒక స్కూల్లో సైన్స్ టీచర్ పోస్టుకు డెమో క్లాసు. పది గంటలకు. మూడేళ్లుగా అప్లికేషన్లు పెడుతున్న మనిషి. వారం రోజులుగా వంటింట్లో కుక్కర్‌కు పాఠాలు చెబుతోంది. కుక్కర్ కూడా మధ్యమధ్య ఈలవేసి మెచ్చుకునేది.

"నేను బస్సుల పోత" అంది.

"బస్సేంది? కొత్త ఇంజిన్ మీద గాలి లెక్క తీస్కపోయి దింపుత!"

పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని, దేవుడికి దండం పెట్టుకుని వెనక కూర్చుంది. గేరు వేసి యాక్సిలరేటర్ తిప్పాను. అబ్బో, బండి దూకింది! గర్వంగా అద్దంలోకి చూశాను. అద్దంలో మా గల్లీ లేదు.

ఇళ్లు లేవు, కరెంటు స్తంభాలు లేవు. అంతా తెల్లటి పొగ. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలన్నారు. బుద్ధి లేకపోయినా వస్తుందని ఆ పూట నేను నిరూపించాను.

"అందరూ తలుపులు తీయండర్రా, ఫాగింగ్ బండొచ్చింది, దోమల మందు కొడుతున్నారు!" అని ఓనరమ్మ గొంతు పొగలోంచి వినిపించింది. పటపటా కిటికీలు తెరుచుకున్నాయి. గల్లీ మలుపులో ఒక ముసలమ్మ కట్టెతో బండికి అడ్డం నిలబడింది.

"ఓ కొడుకా, మా సందుల గూడ కొట్టు! నెల సంది దోమలు పీక్కతింటున్నయ్. ఓట్లప్పుడే కనబడ్తరు మీరు!"

"రేపొస్తమమ్మా!" అన్నాను. ఏం చెప్పను మరి? వెనకనుంచి సరిత నా నడుము మీద గిల్లిన గిల్లుడు ఇంకా గుర్తుంది.

ఉప్పల్ చౌరస్తా దాకా అలాగే వెళ్లాం. అక్కడ ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"ఏం బండి ఇది? మున్సిపాలిటీదా?"

"కాద్సార్. నాదే."

"పొగ గూడ నీదేనా?"

నేను నోరు తెరిచేలోపు సరిత దిగింది. "సార్, నాకు పదింటికి డెమో క్లాసున్నది. ఈయనను మీరెంతసేపన్న ఉంచుకోండ్రి. నన్ను జర బస్సెక్కియ్యిండ్రి."

ఆయన పగలబడి నవ్వి, ఘట్‌కేసర్ వెళ్లే బస్సును చేయెత్తి ఆపాడు. కిటికీలోంచి సరిత అరిచింది: "గది పెట్రోల్ వాసన గాదు! నూనె కాలుతున్నది! బంద్ జెయ్యి!"

బస్సు వెళ్లిపోయింది. కానిస్టేబుల్ నన్నొకసారి పైనుంచి కిందికి చూసి, "ఇంటిదాక తోసుకపో. అదే నీకు ఫైన్" అన్నాడు. ఉప్పల్ నుంచి నాచారం దాకా ఎండలో తోశాను. బండి బరువనిపించలేదు. ఆమె చీర నిండా ఆ పొగ వాసన పట్టి ఉంటుందన్న ఆలోచనే మోయలేకపోయాను. మూడేళ్ల ఆశకు నా చేతులతో నేనే పొగబెట్టానే అనుకున్నాను.

బండిని నేరుగా షెడ్డుకే తోసుకెళ్తే యాదగిరన్న బోరు ఊడదీశాడు. పిస్టన్‌ను వెలుతురులో తిప్పి చూశాడు.

"ఈ రెండు సన్న రింగుల నడుమ వంకర పట్టీ ఉండాలె. ఏదీ?"

"ప్యాకింగ్ అనుకొని పారేసిన్నన్నా."

ఆయన పాన కింద పెట్టాడు. స్టూలు మీద కూర్చున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వాడు. "తమ్మీ, ఆ రింగులను బోరు గోడకు ఒత్తిపట్టేదే గది. అది లేకుంటె నూనె పైకెక్కి కాలదా?"

కొత్త రింగులు తెప్పించి నా చేతిలో పెట్టాడు. "ఇగ నేను ముట్ట. నువ్వే ఎక్కించు. తప్పయితె జెప్త."

రెండుసార్లు తప్పయింది. మూడోసారి ఆయన వంగి చూసి, "ఆఁ. గట్ల" అన్నాడు. డిగ్రీ పట్టా తీసుకున్నప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

సరిత మూడింటికి వచ్చింది. మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను.

"ఏమైంది?"

"అడుగు పెట్టంగనే ముందు బెంచి పిల్లలు ముక్కు మూసుకున్నరు. హెడ్ మేడం గూడ."

"అయ్యో!"

"ఇచ్చిన పాఠమేందో ఎరికేనా? దహనం."

నేను గోడకు ఆనుకున్నాను.

"ఇగ నేనేం జెయ్యాలె? వాసన ఎందుకొస్తుందో మీరే జెప్పుండ్రి అన్న. పొద్దుగాల జరిగిందంత జెప్పిన. ఇంజిన్ల మండాల్సిందేంది, మండకూడనిదేంది అని పిల్లలే అడుగుడు, పిల్లలే జెప్పుడు. గంట కొట్టినా లేస్తలేరు. మేడం నవ్వి నవ్వి, 'ఇంత మంచి ఉదాహరణ ఎక్కడ దొరికిందమ్మా?' అన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఇంట్లనే ఉన్నది మేడం అన్న." అప్పుడు నవ్వింది. "సోమారం నుంచి రమ్మన్నరు."

నా బండి ఇప్పుడు ఇద్దరం ఎక్కినా మౌలాలి బ్రిడ్జిని ఒక్క దమ్ములో ఎక్కుతుంది. ఆదివారాలు యాదగిరన్న షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. అయితే ఉద్యోగంలో చేరిన ఏడాదికి సరిత తనకంటూ ఒక బ్యాటరీ స్కూటర్ తెచ్చుకుంది. తాళంచెవి నా ముందు ఆడిస్తూ అంది: "దీంట్ల పిస్టన్ లేదు, రింగుల్లేవు, నూనె లేదు. ఇగ ఏమిప్పుతవో ఇప్పు!"

కనుక ఇందుమూలముగా సమస్త ద్విచక్ర వాహన జనులకు తెలియజేయునదేమనగా: ఏ వస్తువైనా సరే, అదేమిటో తెలిసేదాకా నేను ప్యాకింగ్ అనను. భార్య పరీక్షకు వెళ్లే ముందురోజు పాన పట్టను. ఆమె స్కూటర్‌ను కడగడానికి తప్ప తాకను. నిన్న కడుగుతుంటే సీటు కింద నాలుగు స్క్రూలు కనిపించాయి. అవేమిటో యాదగిరన్నను అడిగి వస్తాను. అడగడానికే సుమండీ, ఒట్టు!